అంటు, అంటురోగం, విదేశీ చదువు (మన ఊళ్ల చరిత్ర - 17)

తెలుగులో రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. అంటరానివాడు. అంటురోగం. రెండింట్లోనూ ఉన్నది ‘అంటు’ అనే ఒక్క మాటే. ఒకటి కులం పెట్టిన పేరు, ఇంకొకటి జబ్బుకు పెట్టిన పేరు. రెండూ మీద పడ్డవాడికి ఊళ్లో రెండు వెలివేతలు. అందుకే మన పిల్లలు జబ్బు దాస్తారు. విదేశంలో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చినా దాస్తారు. షుగర్, ఫిట్స్, ఆస్తమా, ఎప్పుడో కోర్సు పూర్తిచేసిన టీబీ. ‘తెలిస్తే సీటు పోతుందేమో సార్’ అంటారు.

ఈ భయానికి జవాబు మన మదనపల్లె చరిత్రలోనే దొరుకుతుంది.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అందరికీ తెలుసు. ఆయన తమ్ముడు నిత్యానంద గురించి తక్కువ మందికి తెలుసు. 1911లో అనీబిసెంట్ ఈ అన్నదమ్ములను ఇంగ్లండ్ తీసుకెళ్లింది. తమ్ముడు లండన్‌లో లా చదివాడు. 1921లో దగ్గితే రక్తం పడింది. క్షయ. అప్పటికి దానికి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. స్విట్జర్లాండ్ వెళ్లాడు. సిడ్నీ వెళ్లాడు. 1922లో కాలిఫోర్నియాలోని ఓహై లోయకు చేరాడు. 1925 నవంబరులో అక్కడే చనిపోయాడు. ఇరవయ్యేడేళ్ల వయసు.

ఆ కుర్రాడి చావు మీద నాకు ఎగతాళి లేదు. నేను చూసేది ఒక్కటే. అతనికి జబ్బు వచ్చినప్పుడు ‘ఇంటికి పో’ అని ఎవరూ అనలేదు. ఖండాలు దాటించి వైద్యం చేయించే మనుషులు, డబ్బు వెనక ఉన్నాయి. బ్రాహ్మణ కుటుంబం, దివ్యజ్ఞాన సమాజం అండ. పొడిగాలి కోసం ప్రపంచమంతా తిరిగాడు. అదే కాలంలో, అదే పొడిగాలిని నమ్ముకుని, మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి పెట్టిన క్షయ శానిటోరియం నడుస్తోంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపాడు. 1948లో దేశంలో బీసీజీ టీకా పని తొలిగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి.

అయినా శానిటోరియంలో మంచాలు ఎన్ని? పల్లెల్లో రోగులు ఎంతమంది? కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఏడాది విశ్రాంతి ఎవడు తీసుకుంటాడు? మందులొచ్చాక ఈ ప్రశ్నకు మద్రాసులో జవాబు దొరికింది. 1956లో అక్కడ పెట్టిన క్షయ పరిశోధన కేంద్రం పేద రోగులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపు శానిటోరియంలో, ఇంకో గుంపు ఇరుకిళ్లలో, చాలీచాలని తిండితో. ఇద్దరికీ అవే మందులు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. క్రమం తప్పని మందు, వెంటబడి చూసే వ్యవస్థ ఉంటే పేదవాడి ఒళ్లు ఎవరి ఒంటికీ తీసిపోదని తేలింది.

చదువుకూ ఇదే వర్తిస్తుంది. జబ్బు అడ్డం కాదు. వ్యవస్థ లేకపోవడం అడ్డం.

బాబాసాహెబ్‌నే తీసుకోండి. 1913లో బరోడా స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. 1916లో లండన్ చేరారు. గడువు ముగిసిందని 1917లో చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. 1920లో మళ్లీ వెళ్లి పూర్తి చేశారు. ఆయన్ను వెనక్కి లాగింది తెలివి కాదు, గడువు. వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరాక దళిత విద్యార్థుల కోసం ఏడాదికి మూడు లక్షలు సాధించారు. 1950ల్లో మొదలైన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఆ దారిలోదే. అందులో మెడికల్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఇస్తారు. అయితే అది పీజీ, పీహెచ్‌డీలకే. ఒక్క సెమిస్టరుకు వెళ్లే డిగ్రీ పిల్లలకు కాదు.

కాబట్టి పుంగనూరులో ఉన్నా, కుప్పంలో ఉన్నా, వెళ్లాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ లెక్కలు ముందే వేసుకోండి.

బ్రిటన్‌లో ఆరు నెలలు దాటి ఉంటే వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జీ కడతారు. పాత జబ్బుకు కూడా ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం చేస్తుంది. ఒక్క సెమిస్టరుకు, ఆరు నెలల లోపే అయితే ఆ సర్‌చార్జీ లేదు, ఆ రక్షణా లేదు. ఇన్సూరెన్స్ మీదే ఆధారపడాలి. మన దగ్గర అమ్మే ట్రావెల్ పాలసీలు చాలావరకు పాత జబ్బును వదిలేస్తాయి. సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి.

ఆరు నెలలు దాటితే టీబీ పరీక్ష తప్పదు. పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తే కళ్లె కల్చర్‌కు పంపుతారు, రెండు నెలలు పట్టొచ్చు. మందుల కోర్సు పూర్తయిన కాగితం, పాత ఎక్స్‌రేలు జాగ్రత్త చేయండి. బెంగళూరు రైలు ముందే ఎక్కండి.

డాక్టర్ చీటీలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించండి. అక్కడ ఆ మందుకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఇన్సులిన్ చేతి బ్యాగులోనే ఉండాలి. కింద లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు.

ముఖ్యమైనది చివర చెప్తున్నా. దాచకండి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం, అమెరికాలో 1990 వికలాంగుల చట్టం చాలా దీర్ఘకాలిక జబ్బులను లెక్కలోకి తీసుకుంటాయి. సీటు వచ్చాక యూనివర్సిటీ వికలాంగుల విభాగానికి రాయండి. పరీక్షకు అదనపు సమయం, గదిలో ఫ్రిజ్ అడగొచ్చు. రిజర్వేషన్ దయ కానట్టే ఇదీ దయ కాదు.

ఇక మన కాలేజీలకు, మన సంఘాలకు ఒక పని ఉంది. స్కాలర్‌షిప్ లెక్క ఆరోగ్యవంతుడి ఒంటికి మాత్రమే కుట్టిన చొక్కాలా ఉంది. మందుల ఖర్చు, జబ్బుపడితే గడువు పొడిగింపు, డిగ్రీ పిల్లల సెమిస్టరు, ఈ మూడూ అందులో చేర్చమని అడగాలి. నిత్యానంద వెనక ఒక సమాజం నిలబడింది. మన పిల్లల వెనక నిలబడాల్సిన సమాజం మనమే.

జై భీమ్.