టెక్ టిప్స్: ఇంట్లో కంప్యూటర్ స్లో అయిందా? కొత్తది కొనేముందు ఈ మార్పులు చేసి చూడండి!

పిల్లల చదువులు, వర్క్ ఫ్రమ్ హోమ్, బిల్లులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు.. ఇంట్లో కంప్యూటర్‌తో రోజూ ఏదో ఒక పని ఉంటూనే ఉంటుంది. నాలుగైదేళ్లు గడిచాక అది ఆన్ అవడానికే నిమిషాలు పడుతుంటే, ఇక కొత్తది కొనాల్సిందే అనుకుంటారు చాలామంది. కానీ చాలాసార్లు ఒకటి రెండు పార్టులు మారిస్తే సరిపోతుంది. మరి దేనికి ఖర్చు పెట్టాలి? దేనికి అక్కర్లేదు? ఇప్పుడు చూద్దాం.

ముందు ఇది చెక్ చేయండి

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. మీరు రోజూ చేసే పనులు చేస్తున్నప్పుడు మెమరీ 80-90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. మెమరీ ఖాళీగానే ఉన్నా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే, అసలు సమస్య పాత హార్డ్ డిస్క్ కావచ్చు.

మొదటి ఓటు ఎస్ఎస్‌డీకే

హార్డ్ డిస్క్‌లో ప్లేట్లు తిరగాలి, సూది కదలాలి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా సెకనుకు 500 ఎంబీ వరకు చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం ఇంకా వేగం. అయితే అది మీ మదర్‌బోర్డుకు సరిపోతుందో లేదో చూసుకున్నాకే కొనండి. పార్టు మార్చేముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం మర్చిపోవద్దు.

ర్యామ్ ఎంత ఉండాలి?

మామూలు వాడకానికి 8 జీబీ, ఎడిటింగ్ లాంటి పనులకు 16 జీబీ మంచిది. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు. కాబట్టి పాత ర్యామ్ మీద లేబుల్ ఫొటో తీసుకుని షాపుకు వెళ్లండి. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. వాటిలో పెంచడం కుదరదు.

కరెంటు కోతలుంటే యూపీఎస్

డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇది తప్పనిసరి. చిన్న యూపీఎస్ ఇచ్చే కొద్ది నిమిషాల్లో పని సేవ్ చేసి, సిస్టమ్ షట్‌డౌన్ చేసుకోవచ్చు. స్పైక్ గార్డ్ ఓల్టేజీ పెరిగినప్పుడు కాపాడుతుందే తప్ప, కరెంటు పోతే బ్యాకప్ ఇవ్వదు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్ బ్యాటరీ ప్లగ్‌కు పెట్టకండి. అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

మెడ, కళ్లు జాగ్రత్త

ల్యాప్‌టాప్‌పై గంటల తరబడి పనిచేసేవాళ్లు ఒక స్టాండ్, విడిగా కీబోర్డు, మౌస్ తీసుకోండి. స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. స్టాండ్ లేకపోతే లావుపాటి పుస్తకాలు పెట్టినా చాలు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూస్తే కళ్లకు విశ్రాంతి దొరుకుతుంది.

వీటికి డబ్బు దండగ!

రంగురంగుల లైట్లతో కంప్యూటర్ స్పీడ్ పెరగదు. ర్యామ్ క్లీనర్ సాఫ్ట్‌వేర్లతో పెద్దగా ఉపయోగం ఉండదు. ఇక కొన్ని వందల రూపాయలకే 2 టీబీ పెన్‌డ్రైవ్ అంటే అస్సలు నమ్మొద్దు. లోపల ఉండేది కొద్ది జీబీలే. అది నిండాక కాపీ చేసిన ఫైళ్లు మళ్లీ తెరుచుకోవు.

కొత్తది ఎప్పుడు కొనాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీతో పాటు మైక్రోసాఫ్ట్ జాబితాలోని ప్రాసెసర్ కావాలి. మీ సిస్టమ్ పనికొస్తుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ చెప్పేస్తుంది. పనికిరాదని వస్తే, బ్యాంకు పనులకు కూడా అదే వాడుతుంటే, పాతదానిపై ఎక్కువ ఖర్చు పెట్టకుండా ఆ డబ్బును కొత్తదానికి దాచుకోవడమే మేలు.