తేనెపిట్ట మేకప్ తీసేసే కాలం

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా మనవరాలు పెరట్లోంచి ఒక్క కేక పెట్టింది. "అమ్మమ్మా! హమ్మింగ్ బర్డ్!"

ఏమిటో అనుకుని పిండి చేతులతోనే పరుగెత్తాను. తీరా చూస్తే మన తేనెపిట్ట! మందార కొమ్మ మీద తలకిందులుగా వేలాడుతూ, పువ్వు మొదట్లో ముక్కుతో కన్నం పెట్టి తేనె జుర్రుకుంటోంది.

పాపం, పిల్లదాని తప్పేముంది? చూపులకి రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. నిజానికి దగ్గర చుట్టరికమేమీ లేదు. హమ్మింగ్ బర్డులు ఈనాడు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా ఉండవు. అవి గాలిలో నిలిచి తేనె తాగుతాయి. మన పిట్టకి మాత్రం ఎక్కువగా కూర్చోవడానికో కొమ్మ కావాలి.

తమాషా ఏమిటంటే, ఆ పిట్టలు రాలేదు గానీ వాటి పూలు మాత్రం సముద్రాలు దాటి వచ్చేశాయి. మా గేటు పక్కనున్న ఎర్ర గొట్టాల పూల హమీలియా, గోడమీంచి జడలా జారే రసీలియా, రెండూ అమెరికా ఖండాల మొక్కలే. అక్కడ హమ్మింగ్ బర్డులకి విందు పెట్టే పూలు, ఇక్కడ తేనెపిట్టలకి పుట్టిల్లయ్యాయి.

మన ప్రాంతపు పిట్టలకి రాతపూర్వకమైన చరిత్రా ఉందండోయ్. 1931లో నైజాం ప్రభుత్వం ఆర్థిక సాయంతో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే మొదలైంది. చేసినాయన సలీం అలీ. ఆ వివరాలు 1933, 34లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. అడవుల్లో ఆ గుడారాల కాపురంలో ఆయన భార్య తెహ్మీనా కూడా ఉన్నారు. 1939లో ఆమె కన్నుమూశారు. సర్వే మీద పేరు ఆయనది. కష్టం మాత్రం ఇద్దరిదీ కదూ!

ఆ రోజుల్లో మా జూబ్లీహిల్స్ అంటే బండలూ, తుప్పలూ. 1960లలో ఇళ్ళ సహకార సంఘం వచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు దగ్గర్లోనే అన్నపూర్ణా స్టూడియో తెరిచారు. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే తరలివచ్చారు, ఫిల్మ్‌నగర్ లేచింది. బండలు పగిలాయి, బోర్లు పడ్డాయి, తోటలు పెరిగాయి. పిట్టలూ తుప్పల్లోంచి తోటల్లోకి కాపురం మార్చాయి.

1980లలో మా అత్తగారు కేలండరు గళ్ళలో పాల లెక్క పక్కనే పిట్టల లెక్కా రాసేవారు. "మాఘం: మొగపిట్ట నల్లగా మెరుస్తోంది." "చైత్రం: గూడు." "ఆశ్వయుజం: మేకప్ తీసేశాడు!" ఫిల్మ్‌నగర్ పక్కన ఉన్నాం కదా, ఆవిడకి ఆ మాటే తోచింది. నిజమే, నల్లతేనెపిట్టలో మొగది పిల్లల కాలం దాటాక నీలినలుపు వదిలేసి, గొంతు కింద ఒక్క నల్లచార మిగుల్చుకుని ఆడపిట్టలా తయారవుతుంది. షూటింగయ్యాక హీరోగారు లుంగీ కట్టుకున్నట్టు!

గూడు కట్టడం, గుడ్లు పొదగడం అంతా ఆడపిట్ట వంతే. సాలీడు దారాలతో ఎండుటాకులూ, బెరడు ముక్కలూ అల్లి, పక్కన గుమ్మం, దానిపైన చిన్న చూరు కూడా పెడుతుంది. ఆ సమయంలో ఆయనగారు కొమ్మమీద సంగీతం!

ఇప్పుడు మా ఇల్లు బిల్డరుకిద్దామని మావాళ్ళు అంటున్నారు. పిల్లలు దూరాన ఉన్నారు, ఈ మెట్లు నేనింక ఎక్కలేను. కాదనడానికి నా దగ్గర గట్టి కారణమేదీ లేదు. కానీ పోయినవారం వరండా దీపం తీగకి ఓ ఆడపిట్ట సాలెదారాలు చుట్టడం మొదలెట్టింది. సంతకం పెట్టమని కాగితాలు తెస్తే, "ఆ గూడు ఖాళీ అయ్యాక చూద్దాం" అన్నాను. హమీలియా, రసీలియా కొమ్మలు మాత్రం కుండీల్లో నాటి పెట్టాను, బాల్కనీ ఎంత చిన్నదైనా అవి పడతాయి.

ఈ ఏడు కేలండరులో పాల లెక్క లేదు, ప్యాకెట్లు కదా. ఖాళీ గళ్ళలో మనవరాలు వెళ్తూ వెళ్తూ వంకర అక్షరాలతో రాసింది. "సంక్రాంతి: తేనెపిట్ట."

హమ్మింగ్ బర్డ్ అని రాయలేదు.