తోలు అంచు: చేతిపనీ, రంగుపూతా

అలిపిరి పాదాల మండపం దగ్గర భక్తులు స్వామి పాదరక్షలను నెత్తిన పెట్టుకొని ప్రదక్షిణం చేయడం ఇవాళ్టికీ చూస్తాం. వెంకటేశ్వరుడు రాత్రివేళ అలమేలుమంగను చూడడానికి కొండ దిగివస్తాడనీ, నడకకు అరిగిన చెప్పుల స్థానంలో మాదిగలు కొత్తవి కుట్టి సమర్పించేవారనీ ఐతిహ్యం. చెప్పులు పవిత్రం, కుట్టినవాడు అంటరానివాడు! మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. ఈ వైరుధ్యాన్ని మన సాహిత్యం కొంతవరకైనా పట్టించుకుంది. ఆ చెప్పు వెనుక ఉన్న పనిని మాత్రం పట్టించుకోలేదు. అందుకే ఇక్కడ చెప్పు అంచును గురించి మాట్లాడదలచాను.

తోలును కోసినచోట పీచు బయటపడుతుంది. అలాగే వదిలితే నీరు పీల్చి విచ్చుకుంటుంది. చేతిపనివాడు అంచు మొనలను సన్నగా చెక్కి, తడిచేసి, నున్నటి కొయ్యతోనో ఎముకతోనో రుద్దుతాడు. రాపిడికి వేడి పుట్టి, పీచు అణగి, గట్టిపడి మెరుస్తుంది. పైన తేనెమైనం పట్టిస్తాడు. ఇక్కడ తోలే తన అంచును తాను మూసుకుంటుంది.

అయితే ఇది తంగేడు చెక్కలాంటి వాటితో, లందలో వారాల తరబడి ఊనిన తోలుకే సాధ్యం. 1903 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోము పద్ధతిపై ప్రయోగాలు మొదలుపెట్టాడు. నీటికి తట్టుకునే ఆ తోలు కపిల తొండాలకు పనికివస్తుందన్నది అతని ఆలోచనల్లో ఒకటి. క్రోముతో వారాల పని రోజుల్లోకి వచ్చింది. కాని ఆ తోలు మెత్తన, సాగుతుంది. ఎంత రుద్దినా పీచు సరిగా అణగదు. కనుక ఫ్యాక్టరీలో అంచును లోపలికి మడిచి కుడతారు, లేదా పొరలు పొరలుగా రంగు పూస్తారు. కోసేవాడొకడు, కుట్టేవాడొకడు, పూసేవాడు మరొకడు.

అలాగని చేతి అంచును కీర్తించడానికి తొందరపడరాదు. కళ్లంలో కొలిచే నాలుగు గింజల మేరకు ఏడాది పొడుగునా చెప్పులూ తొండాలూ కుట్టి ఇచ్చినవాడి కాలానికి ఎవరు వెల కట్టారు? గంటసేపు రుద్దినా రెండు గంటలు రుద్దినా రైతుకు ఒకటే. ఫ్యాక్టరీ యజమానికి ప్రతి నిమిషానికీ లెక్క ఉంది, కాబట్టి రంగు వచ్చింది. నునుపైన అంచులో మనం మెచ్చుకునే ఓపిక సగం వెట్టి. ఇప్పుడు నగరాల దుకాణాల్లో ‘చేతిపని’ అన్న చీటీతో అదే అంచు ఎక్కువ ధరకు అమ్ముడుపోతోంది. ఆ ధరలో కుట్టినవాడికి దక్కేదెంతో కొన్నవాడు అడగడు.

నా బడిసంచి అంచు రంగు రెండేళ్లకే పెచ్చులూడింది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించి, రుద్ది నున్నగా చేయగలవా అని అడిగాను. గోటితో గీకి చూశాడు.

“ఇది రుద్దితే అణగదు సార్. రంగే పూయాల” అన్నాడు.