కంప్యూటర్ నేర్పడానికి డబ్బు ఎవరిస్తారు? జగ్గయ్యపేట, నందిగామ జమాతులకు పనికొచ్చే లెక్క

వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న మొదలైంది. గడువు ఆరు నెలలు. తాతల నాటి కాగితాలు బీరువాలో భద్రంగా ఉన్నా, వాటిని స్కాన్ చేసి ఎక్కించే మనిషి లేక చిన్న ఊళ్ల ముతవల్లీలకు చుక్కలు కనిపించాయి. గడువు పెంచడానికి డిసెంబర్ 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. డిజిటల్ చదువు లేకపోతే ఏం పోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇంటి పనులూ అటే పోతున్నాయి. 2025 జనవరి 30 నుంచి ‘మన మిత్ర’ పేరుతో రాష్ట్ర ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అబ్బాజాన్ జేబులో ఉంటే అమ్మీజాన్‌కు అవి అందేదెలా?

నేర్పించే పెద్ద పథకం ఒకటి నడిచింది. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికొకరికి, 14 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లకు, 20 గంటల ఉచిత శిక్షణ ఇచ్చింది. 6 కోట్ల మంది లక్ష్యం దాటి 2024 మార్చిలో ముగిసింది. అయితే పేరులోనే ‘గ్రామీణ’ అని ఉంది. చిల్లకల్లు లాంటి పల్లెలకు వర్తించింది గానీ, జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల వార్డులకు కాదు. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు ఊళ్లూ కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి, ఆ విషయంలో మార్పేమీ రాలేదు.

మిగిలిన పెద్ద దారి సీఎస్ఆర్. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. సగటు లాభం 10 కోట్లయితే 20 లక్షలన్నమాట. ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. దుమ్ము పీల్చే ఊరికి ఆ మాత్రం అడిగే హక్కుంది. విద్య, వృత్తి నైపుణ్యాలు ఆ జాబితాలో ఉన్నాయి కాబట్టి కంప్యూటర్ శిక్షణ అందులోకి వస్తుంది.

చిక్కల్లా కాగితాల దగ్గరే. బయటి సంస్థ ద్వారా చేయిస్తే, అది రిజిస్టరైన సొసైటీనో ట్రస్టో అయి ఉండాలి, 12ఏ, 80జీ ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి, సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి. ‘ఫలానా మతం వాళ్ల కోసమే’ అని ఆశయాల్లో రాసుకున్న సంస్థకు 80జీ దొరకదు. అంటే చాలా మసీదు కమిటీలు నేరుగా దరఖాస్తు పెట్టలేవు. అర్హత ఉన్న పాత సంస్థతో కలవాలి. హాలు, కరెంటు, పిల్లల్ని పోగుచేసే బాధ్యత జమాతుది. లెక్కలు, ఆడిట్ ఆ సంస్థవి. క్లాసు మాత్రం వార్డులో అందరికీ.

అమెరికాలో సియాటిల్ నగరం ఇలాంటి పనికే ‘టెక్నాలజీ మ్యాచింగ్ ఫండ్’ నడుపుతోంది. స్థానిక సంఘం తన వంతు డబ్బుగానే కాదు, వాలంటీర్ల గంటలుగా కూడా చూపించొచ్చు. మన దగ్గర ఆ పద్ధతి లేకపోయినా, దరఖాస్తులో హాలు అద్దె విలువ, చదువుకున్న కుర్రాళ్లు ఇచ్చే గంటలు అంకెల్లో వేసి చూపిస్తే బరువు పెరుగుతుంది.

టెలికం కంపెనీల ఆదాయంలో 5 శాతంతో నిండే డిజిటల్ భారత్ నిధి కూడా ఉంది. 2023 టెలికం చట్టం సేవలు సరిగా అందని పట్టణాలను కూడా అందులో చేర్చింది. కాకపోతే అది ఎక్కువగా టవర్లు, కేబుళ్లు వేసేవాళ్లకు పోతుంది, కమిటీల చేతికి రాదు.

వెబ్‌సైట్ ఉన్న కంపెనీలు తమ సీఎస్ఆర్ విధానం, కమిటీ సభ్యుల పేర్లు, ఆమోదించిన ప్రాజెక్టులు అందులో పెట్టాలి. ముందు అవి చదివి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ గేటు తట్టడం మేలు. ఖర్చు లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. కొత్త ఏడాది ప్రణాళిక తయారయ్యే లోపు, అంటే శీతాకాలంలోనే కాగితం వాళ్ల చేతిలో పడాలి.