లెక్కలకెక్కిన పేర్లు: యాడికి ప్రాంతంలో మనుషుల రికార్డుల చరిత్ర

యాడికి ప్రాంతంలో మామూలు మనిషి పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కింది భూమి శిస్తు వల్లనే. పుట్టినప్పుడో, పోయినప్పుడో పేరు రాసుకోవడం చాలా తర్వాత వచ్చిన పద్ధతి. గుత్తికీ తాడిపత్రికీ నడుమ ఉన్న ఈ మెట్ట నేల మీద రెండు వందల ఏళ్ల కింద ఎవరెవరు బతికారో తెలుసుకోవాలంటే, ఈనాటికీ మొదట తేల్చుకోవలసింది వాళ్లు ఏ చేను దున్నారన్నదే. చేను లేనివాళ్ల జాడ ఆ కాగితాల్లో పట్టుకోవడం కష్టం. వాళ్ల కోసం వేరే దారులు వెతకాలి.

ఇంగ్లీషు దొరతనానికి ముందు ఊరి లెక్కంతా కరణం ఇంట్లో ఉండేది. రెడ్డి శిస్తు వసూలు చేస్తే, కరణం రాసేవాడు. తలారి, నీరుగట్టి మొదలైన ఆయగాళ్లకు పంటలో ఎవరి పాలు ఎంతో కూడా అతని రాతలోనే తేలేది. రోజువారీ లెక్కలకు రాయలసీమలోనూ, పక్కనున్న కన్నడ సీమలోనూ కడితం వాడేవారు. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి కలిపి పట్టించి ఆరబెడితే అది నల్లటి పలకలా బిగుసుకుంటుంది. దాన్ని విసనకర్ర మాదిరి మడతలు పెట్టి, తెల్లటి బలపంతో రెండు వైపులా రాసేవారు. 1810లో మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ ఈ నల్ల పుస్తకాల గురించి ప్రత్యేకంగా వివరించాడు. పాత లెక్క తుడిచేసి కొత్తది రాసుకునే వీలుండటం కడితంలోని సౌకర్యం. చరిత్ర వెతికేవాడికి నష్టం జరిగిందీ అక్కడే. కలకాలం నిలవాలనుకున్న సంగతులు దండకవిలెల్లో ఉండేవి: ఊరు ఎప్పుడు కట్టారు, అడవి ఎవరు కొట్టారు, ఏ పాళెగాని ఏలుబడిలో ఉంది, ఏ మాన్యం ఎవరికిచ్చారు. వీటిలో ఊరి పెద్దల పేర్లు కనిపిస్తాయే తప్ప మాలపల్లె మనుషులు, మగ్గాల వీధి మనుషులు విడివిడిగా కనిపించరు.

రాతతో సంబంధం లేని రికార్డు ఇంకొకటి ఉంది. పిచ్చిగుంట్లవాళ్లు రెడ్ల, కాపుల ఇళ్లకు వచ్చి ఆ ఇంటి గోత్రం, తాత ముత్తాతల పేర్లు, ఏ ఊరినుంచి ఏ ఊరికి తరలివచ్చారో ఆశువుగా చెప్పి, సంభావన పట్టుకుపోయేవారు. వంశవృక్షం నోటితో నిలుపుకోవడం వాళ్ల కులవృత్తి. ఆ చెప్పిన పేర్లను వెంటనే కాగితం మీద పెట్టుకున్న ఇళ్లు తక్కువ. అందువల్ల చెప్పేవాళ్లు ఊళ్లకు రావడం తగ్గినకొద్దీ ఆ జ్ఞాపకమూ తగ్గిపోయింది.

1800 అక్టోబరులో నిజాము తన చేతిలోని బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించాడు. దత్త మండలాలుగా పేరుపడిన ఈ సీమకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. జమీందారును మధ్యలో పెట్టకుండా ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకోవడం ఆయన పద్ధతి. ఆనాటి కచేరీల భాషలో దీన్ని ‘కుళవారి’ అనేవారు. పన్ను ఊరి మీద మొత్తంగా ఉన్నంతకాలం దొరతనానికి ఊరి పేరు తెలిస్తే చాలు. కుళవారి వచ్చాక ప్రతి సాగుదారు పేరూ కావలసి వచ్చింది. ఆయన హయాంలో గొలుసు పట్టి చేలు కొలిచారు. ఏ చేను ఎంత, ఎవరిది, ఎంత శిస్తు అన్నది ఊరూరా రాయించారు. పల్లెల్లో కరణాలు తెలుగులో రాస్తే, పై కచేరీల్లో మరాఠీ రాయగల గుమస్తాలు చాలామంది ఉండేవారు. ఈ సీమలో సాధారణ రైతు పేరు వరసగా దొరకడం మొదలైంది ఇక్కడినుంచే. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట సమాధి చేసింది యాడికికి దగ్గరలోనే ఉన్న గుత్తిలో. ఆయన కాలపు దత్త మండలాల దస్తావేజులు చాలా ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

మన్రో వెళ్లిపోయిన కొద్ది ఏళ్లకే కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ పనివాళ్లు ఇదే సీమలో ఊరూరా తిరిగి కరణాల దగ్గర కవిలెలు నకలు రాయించుకున్నారు. వాటినే ఇప్పుడు కైఫియతులు అంటున్నాం. ఆ పనికి బాట వేసిన కావలి బొర్రయ్య 1803లోనే చనిపోగా, తమ్ముడు లక్ష్మయ్య దాన్ని చివరిదాకా నడిపించాడు. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ తర్వాత వాటికి శుద్ధ ప్రతులు రాయించాడు. కరణాల ఇళ్లలో అసలు కవిలెలు చెదపురుగుల పాలైన ఊళ్లకు ఈ నకళ్లే మిగిలాయి. వెతికేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి: కైఫియతు ఊరి కథ. ఒక కుటుంబం కథ అందులో తగిలితే అది అదృష్టమే.

కుటుంబ చరిత్రకు నిజంగా పనికివచ్చే తొలి పుస్తకం ఇనాం రిజిస్టరు. దేవాలయాలకు, బ్రాహ్మణులకు, మసీదులకు, ఊరి సేవకులకు పూర్వం ఇచ్చిన మాన్యాలు అసలైనవా, కావా అని తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. ప్రతి మాన్యానికీ ఆ రిజిస్టరులో ఒక వరస ఉంటుంది: మొదట ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు, పాత లెక్కల్లో ఎవరి పేరుంది, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వాళ్ల వయసు ఎంత, పాత హక్కుదారుకు వీళ్లు ఏమవుతారు. ఒక్క వరసలో మూడు, నాలుగు తరాలు వచ్చేస్తాయి. పూజారి, మంగలి, తలారి, ఖాజీ అని చూడకుండా ఇనాం ఉన్న ప్రతి ఇంటి వంశక్రమం అందులో దొరుకుతుంది. ఇప్పటికీ మాన్యం భూముల వ్యాజ్యాల్లో వకీళ్లు మొదట అడిగే కాగితం ఇదే. అందులోని సంవత్సరాలు ఫసలీల్లో, అంటే రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. జూలై 1 నుంచి కొత్త ఫసలీ. ఫసలీ 1216 అంటే 1806 జూలై నుంచి 1807 జూన్ వరకు.

1876-78 కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. తర్వాత 1882లో బళ్లారినుంచి విడిపోయి ఏర్పడిన అనంతపురం జిల్లా హద్దుల్లో 1871లో దాదాపు 7 లక్షల 40 వేల మంది ఉంటే, 1881 జనాభా లెక్కల్లో 6 లక్షలకు పడిపోయారు. కరువు పనుల దగ్గర తలలు లెక్కపెట్టారు, కూలి లెక్కకట్టారు, గంజి కేంద్రాల్లో టికెట్లు పంచారు. చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం ఒకచోట చేర్చిన పుస్తకం లేదు. ఇంత పెద్ద విపత్తులో పోయిన మనుషుల్ని అంకెగా తప్ప పేరుతో తలుచుకునే వీలు లేకపోవడం ఈ సీమ చరిత్రలో తీరని లోటు. జనాభా లెక్కలు వెతికినా ఫలితం ఉండదు. ఇంటింటి కాగితాలు అంకెలు తీశాక నిలిచేవి కావు. 1948 సెన్సస్ చట్టం ఆ పత్రాలను ఎవరూ చూడకూడదని కట్టడి చేసింది. బ్రిటన్‌లో నూరేళ్లు గడిచాక వాటిని అందరికీ తెరుస్తారు. 1921 నాటివి 2022లో బయటికి వచ్చాయి. మనవాళ్లకు ఆ వరం లేదు.

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చేలను మళ్లీ కొలిచి సర్వే నంబర్లు వేశారు. అప్పుడు తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టరునే రెవెన్యూ కచేరీల్లో ఆర్.ఎస్.ఆర్. అనీ, తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన ఉన్నందువల్ల డైగ్లాట్ అనీ అంటారు. నంబరు, నేల రకం, ఖుష్కీయా (మెట్ట) తరియా (మాగాణి), శిస్తు, చివరి గడుల్లో పట్టాదారు పేరు. ఆ పేరు గడిలో కొన్ని నంబర్లకు ఉత్త చుక్కలే ఉన్నాయి. హక్కుదారు ఎవరో తేలకో, తగాదా ఉండో, ఆ రోజు ఎవరూ ముందుకు రాకనో రాసిన గుమస్తా చుక్కలు పెట్టి వదిలేశాడు. నూరేళ్ల తర్వాత ఆ చుక్కలు పీకల మీదికి వచ్చాయి. అధికారులు వాటిని ప్రభుత్వ భూములుగా పట్టుకోవడంతో తరతరాలుగా సేద్యం చేస్తున్న రైతులు అమ్ముకోలేక, అప్పు తెచ్చుకోలేక తిరిగారు. ‘చుక్కల భూములు’ అన్న మాట రాయలసీమలో ఇంటింటికీ తెలిసింది. చివరికి 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇందుకోసమే ఒక చట్టం చేయవలసి వచ్చింది.

ఏ చేను ఎవరు సాగు చేశారన్న ఏటేటా మారే సంగతులు అడంగల్‌లో ఉంటాయి. ఇందులో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరో గడి. పట్టా ఒకరిదీ సేద్యం మరొకరిదీ అయితే కౌలుదారు పేరు రాతకెక్కే చోటు ముఖ్యంగా అదే. కరణం దయ ఉంటేనే రాసేవాడన్నది వేరే మాట. కౌలుదారుకు హక్కు పుడుతుందని భయపడి ఆ గడిలోనూ పట్టాదారు పేరే రాయించిన ఆసాములు ఎందరో.

రిజిస్ట్రేషను కాగితాల సంగతి వేరు. 1864లో మొదలై, ఇప్పటికీ అమల్లో ఉన్న 1908 చట్టంతో స్థిరపడిన ఈ వ్యవస్థలో, స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఉండే మొదటి పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఒకటో సూచిక మనుషుల పేర్ల వరసన, రెండోది ఆస్తుల వరసన ఉంటాయి. వీలునామాలకు అంత స్వేచ్ఛ లేదు: రాసినవాళ్లు బతికుండగా వాళ్లకే నకలు ఇస్తారు, పోయాక అడిగినవాళ్లకు ఇస్తారు. పాత విక్రయ పత్రంలో అమ్మినవాడి తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉన్న ఊరు, సాక్షులు, రాసినవాడు అందరూ ఉంటారు. కింద చెక్కుబందీ చూడాలి: తూర్పున వంక, దక్షిణాన ఫలానా వారి చేను, పడమర బండ్ల బాట, ఉత్తరాన ఫలానా వారి దిబ్బ. జన్మలో ఒక్క కాగితం రిజిస్టరు చేయించని మనిషి కూడా పక్క చేనువాడి దస్తావేజులో హద్దుగా నిలిచి ఉంటాడు. ఆడవాళ్లు సొంత పేరుతో కనిపించేది ముఖ్యంగా పసుపుకుంకుమ కింద రాసిచ్చిన దాన పత్రాల్లో. మిగతా చోట్ల ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి.

నేల లేనివాళ్ల విషయానికి వస్తే, వాళ్ల గురించి అన్నిటికన్నా వివరంగా రాసినవి పోలీసు పుస్తకాలు కావడం బాధ కలిగిస్తుంది. 1871లో పుట్టి, 1911 సవరణతో మద్రాసు రాజధానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల, డొమ్మర మొదలైన సంచార కులాలవాళ్ల పేర్లు, గుర్తులు, వేలిముద్రలు రాసి పెట్టారు. ఊరు దాటితే చెప్పి వెళ్లాలి. రాత్రిళ్లు హాజరు వేయించుకోవాలి. కొందరిని బాపట్ల దగ్గర స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లకు చేర్చారు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఇంకొక రకం కాగితాలు సముద్రం అవతల ఉన్నాయి: 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవునుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన కూలీల ఓడ జాబితాలు. వాటిలో పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, కులం, ఒంటిమీది మచ్చలతో సహా ఉంటాయి. స్వదేశంలో ఒక్క గడికీ నోచుకోని తెలుగు కూలీ పేరు అక్కడ నిలిచింది.

పుట్టుకలు, చావులు రాయడం మద్రాసు ప్రభుత్వపు 1899 చట్టంతో పల్లెల్లో గట్టిపడింది. రాసేది గ్రామ మునసబు. బిడ్డ పేరు గడి ఖాళీగా, తండ్రి పేరు, ఆడా మగా అన్నది మాత్రం నింపి ఉన్న పేజీలు సాధారణం. పేరు పెట్టేది తర్వాత కదా. 1969లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. అయినా ఇళ్లలో పుట్టిన పిల్లలు చాలామంది ఏ రిజిస్టరులోనూ లేరు. వాళ్లను బడిలో వేసేటప్పుడు అయ్యవారు వయసు అంచనా కట్టి జూలై 1 అని రాసేవారు. ఒక తరం మొత్తానికి పుట్టినరోజు అదే అయింది. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి చూడకుండా తేదీని నమ్ముకుంటే తాతా మనవళ్లు కలగాపులగమవుతారు. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఎలాగూ ఉంది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవడం పల్లె జనానికి మేలే. రికార్డుల మాట వేరు. తరాలుగా ఇంటి పెట్టెల్లో ఉన్న కవిలె కట్టలను, పాత అడంగల్లను కొందరు అప్పగించారు, కొందరు దాచుకున్నారు, కొన్ని అటకల మీద చివికిపోయాయి. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. దానితో యాడికి మండల కేంద్రమైంది. పాత కాగితాలు తాడిపత్రిలో కొన్ని, మండల కచేరీలో కొన్ని, అనంతపురం కలెక్టరేటులో కొన్ని అయ్యాయి. 1998లో రిజిస్ట్రేషన్లు, 2015లో ‘మీభూమి’ వెబ్‌సైటు ద్వారా అడంగల్, 1-బి (ఖాతాదారు భూముల పట్టిక) కంప్యూటర్లకెక్కాయి. కొత్త లావాదేవీలు నిమిషాల్లో దొరుకుతున్నాయి. పాతవాటికి కట్టలు విప్పక తప్పదు.

అందుచేత ఇక్కడి కుటుంబాన్ని వెనక్కి వెతికేవాళ్లు సర్వే నంబరుతో మొదలుపెడతారు. పట్టాదారు పాస్‌బుక్కునుంచి 1-బికి, దానినుంచి ఆర్.ఎస్.ఆర్.కి, మాన్యమైతే ఇనాం రిజిస్టరుకు, అక్కడినుంచి చెన్నై ఆర్కైవ్స్‌లోని పాత జిల్లా దస్తావేజులకు. నంబరు తెలియకపోతే రిజిస్ట్రేషను కచేరీలో పేర్ల సూచిక తిరగేయాలి. కచేరీలోని ఇతర కాగితాలకు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఇతరుల వ్యక్తిగత సమాచారం మీద ఆ చట్టంలో ఉన్న పరిమితిని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా బిగించింది. రిజిస్టరు కాని పాత పుట్టుకలకు, చావులకు మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకుని నమోదు చేయించుకునే దారి చట్టంలోనే ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం.