ఆటోనగర్‌లో ఏప్రిల్ నెల

మన రెజ్యూమెల్లో "మెయిన్ ప్రాజెక్ట్" అని రెండు లైన్లుంటాయి కదా.. బెజవాడ మెకానికల్ వాళ్ళకైతే ఆ రెండు లైన్ల వెనక ఆటోనగర్ ఉంటుంది. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేతులు ఇక్కడికి 1960ల్లో వచ్చాయి. పక్కనే కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ 1977లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అదే. అంటే ఇక్కడ పని ముందొచ్చింది, డిగ్రీ తర్వాతొచ్చింది :)

ఈ రెండూ కలిసేది ఎక్కువగా సెమిస్టర్ చివర్లోనే. ఏప్రిల్ వస్తే ఫైనలియర్ వాళ్ళు డ్రాయింగ్ చుట్టుకుని లేతు షాపుకి పరిగెడతారు. టర్నర్ కాగితం చూసి, "ఈ మూలలోకి టూలెట్టా పోద్ది బాబూ?" అంటాడు. నాలుగేళ్ళలో అంత మంచి వైవా ఇంకోటి ఉండదని నా అభిప్రాయం. మార్కులేసేది మాత్రం కాలేజీ. ఆయన పేరు రిపోర్టులో కృతజ్ఞతల పేజీకి ఎక్కడం కూడా అరుదే.

మేలో వీళ్ళు హైదరాబాదో బెంగుళూరో బస్సెక్కేస్తారు. 1990ల చివర్లో వై2కే గిరాకీ వచ్చాక మెకానికల్ చదివినా చాలామందికి గమ్యం సాఫ్ట్‌వేరే. రేకుల షెడ్డులో వెల్డింగుకి రోహిణి కార్తెలోనూ సెలవుండదు. ఒకప్పుడైతే ఆ ఎండల్లోనే, బడి సెలవులిచ్చిన పిల్లల్ని పని నేర్చుకోమని తెచ్చి అక్కడ వదిలేవాళ్ళు. జూన్‌లో వాళ్ళలో కొందరు మళ్ళీ బడికి వెళ్ళేవాళ్ళు కాదు.