దిగబడిన బండి – లాగెడి త్రాడు

ఎండకాలములో ఏటి ఇసుకలో దిగిన బండి ఎట్లు కూరుకొనిపోవునో మన విద్యార్థులలో అనేకులు ఎరుగుదురు. ఎడ్లను అదలించిన కొలదియు చక్రము లోనికే పోవును. అనుభవము గల బండివాడు ముందుగా బరువు దించును. చక్రము ముందరి ఇసుకను తీసివేయును. దాని క్రింద తాటిమట్టలనో, కంపనో పరచును. ఆ తరువాతనే చక్రమునకు చేయివేసి ఎడ్లను అదలించును. ఈ వరుసలో ఒక శాస్త్రసూత్రము దాగియున్నది: లాగుటకు ముందు అడ్డును తగ్గింపవలెను. బాట లేని చోట్ల మోటారుబండ్లు నడుపువారు ఈ సూత్రమును కష్టపడి నేర్చుకొనిరి. బలమున్న త్రాడు ఉన్నది గదా అని దానిని మరచినవారు కొందరు ప్రాణములే పోగొట్టుకొనిరి. దిగబడిన బండిని వెలికి తీయు సాధనముల చరిత్ర తెలిసినచో, వానిలో మంచిదేదో ఎంచుకొనుట సులభమగును.

చక్రము ఏల దిగబడును? నాలుగు చక్రములపై సమముగా నిలిచిన 2 టన్నుల బండిని తీసికొందము. ఒక్కొక్క చక్రముపై 500 కిలోగ్రాముల బరువుండును. టైరులోని గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు 2.5 కిలోగ్రాములైనచో, టైరు నేలను తాకు వైశాల్యము సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. గాలిని సగమునకు తగ్గించినచో టైరు పరచుకొని, ఆ వైశాల్యము సుమారు రెట్టింపగును. బరువు మారలేదు, నేలపై ఒత్తిడి మాత్రము సగమైనది. త్రాడుగాని గొలుసుగాని లేకుండ బండిని పైకి తెచ్చు మొదటి ఉపాయమిదియే.

ఇక లాగెడి సాధనముల సంగతి. పూర్వము జనుపనార త్రాళ్ళు, ఇనుప గొలుసులు మాత్రమే ఉండెడివి. గొలుసులో ఎన్ని లంకెలున్నను దాని బలము అన్నిటికంటె బలహీనమైన లంకె బలమే. అది తెగుటకు ముందు హెచ్చరిక ఇయ్యదు. జర్మనీలోని హార్జ్ పర్వతములలో గనుల అధికారిగా ఉండిన విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఈ లోపమును బాగుగా గుర్తించెను. గనుల లోతు పెరిగిన కొలదియు గొలుసులు తెగి అపాయములు కలుగుచుండెను. ఆయన 1829లో గొలుసులపై మాటిమాటికి బరువు మోపి పరీక్షించెను. ఒక్కసారి మోయగల బరువునే పలుమార్లు మోసినచో ఇనుము అలసి విరుగును. 1834లో ఆయన క్లౌస్టాల్ గనిలో ఇనుప తీగెలతో పేనిన త్రాటిని వాడుకలోనికి తెచ్చెను. అది నాలుగేసి తీగెలు గల మూడు పాయలతో పేనినది. ఇందులో ఒక తీగె తెగినను తక్కినవి బరువును మోయును. తెగిన తీగె కొన పైకి లేచి ముందుగానే హెచ్చరించును. నేటి వించ్‌లకు చుట్టు ఉక్కు త్రాడు ఈ త్రాటి సంతతియే.

మోటారుబండి ఎడారిలో ప్రవేశించిన పిమ్మట సమస్య క్రొత్త రూపము దాల్చెను. 1916లో ఈజిప్టు పశ్చిమపు ఎడారిలో బ్రిటిషు సైనిక దళములు ఫోర్డ్ మోడల్ టి కార్లతో సంచరించెను. 1922 డిసెంబరు 17న సహారా అంచున గల టుగ్గూర్ట్ నుండి బయలుదేరిన సిట్రొయెన్ బండ్లు 1923 జనవరి 7న టింబక్టు చేరెను. వానికి వెనుక చక్రములకు బదులు రబ్బరు పట్టాలుండెను. బరువును విశాలముగా పరచుటయే అందలి కిటుకు. కాని మామూలు చక్రములతోనే ఇసుక సముద్రమును దాటుట సాధ్యమా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు రాల్ఫ్ బాగ్నాల్డ్ అను బ్రిటిషు సైనిక ఇంజనీరు. ఆయన 1896లో జన్మించి, 1990లో మరణించెను. మిత్రులతో కలిసి ఆయన 1929, 1930, 1932 సంవత్సరములలో లిబియా ఎడారిలో ఫోర్డ్ మోడల్ ఎ బండ్లతో యాత్రలు సాగించెను. అక్కడ సాయము చేయవచ్చు మరియొక బండి వందలమైళ్ళ దూరములో కూడ లేదు. బండి కదలనిచో నీరు అయిపోవుటయు, మరణమును నిశ్చయము. కైరోలో పాత సామానుల అంగడిలో ఆయనకు ఉక్కు దోనెలు దొరకెను. మొదటి ప్రపంచయుద్ధములో కందకముల పైకప్పులకై చేసిన అవి సుమారు 5 అడుగుల పొడవు గలవి. చక్రము ముందు ఇసుకను త్రవ్వి, వీనిని క్రింద దూర్చి బండిని కదలించినచో చక్రమునకు గట్టి బాట ఏర్పడును. ముందు చక్రములకు త్రాటి నిచ్చెనలను పరచెడివారు. టైర్లలో గాలిని తగ్గించెడివారు. తాటిమట్టలు పరచు మన బండివాని తెలివికిని, ఈ ఉక్కు దోనెలకును భేదము పదార్థమునందే కాని సూత్రమునందు లేదు.

బాగ్నాల్డ్ అంతటితో తృప్తి చెందలేదు. ఇసుక ఒకచోట గట్టిగా నుండి, ప్రక్కనే గుల్లగా నుండుటకు కారణమేమని విచారించెను. లండనులో గాలిసొరంగము నిర్మించి ప్రయోగములు చేసెను. ఎగిరెడి ఇసుక రేణువులు క్రింది రేణువులను కొట్టి పేర్చినచోట నేల గట్టిపడును; దిబ్బకు గాలిమరుగు వైపున జారిపడిన ఇసుక వదులుగా నుండును. ఈ విషయములతో ఆయన 1941లో ప్రకటించిన ఇసుక భౌతికశాస్త్ర గ్రంథము నేటికిని ప్రామాణికము. 1940లో ఆయన నెలకొల్పిన దూరశోధక సైనికదళము ప్రతి లారీతోను ఇట్టి ఉక్కు దోనెలను తీసికొనిపోయెడిది.

తరువాతి మార్పు రసాయనశాలలో పుట్టెను. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కారొథర్స్ బృందము నైలానును తయారుచేసెను. రెండవ ప్రపంచయుద్ధములో గ్లైడర్ విమానములను లాగుటకు నైలాను త్రాళ్ళను వాడిరి. నైలాను బలమైనదే కాదు, సాగునది కూడ. ఈ సాగుట వలన ప్రయోజనమేమో లెక్కవేసి చూతము.

2 టన్నుల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగముతో ముందుకు పోయి, వెనుక దిగబడిన బండిని త్రాటితో లాగినదనుకొందము. ముందు బండి గతిశక్తి సుమారు 7,700 జౌళ్ళు. నడుమ నున్నది గొలుసై, 5 సెంటీమీటర్లు మాత్రమే సాగి ఆ శక్తినంతయు గ్రహించినచో, సగటు బలము సుమారు 1,54,000 న్యూటన్లు. అనగా దాదాపు 15 టన్నులకు మించిన బరువుతో సమానము. ఏదో ఒకటి విరిగి తీరును. అదే 9 మీటర్ల నైలాను పట్టీ 1.35 మీటర్లు సాగినచో సగటు బలము సుమారు 5,700 న్యూటన్లు మాత్రమే. సాగిన కొలదియు బలము పెరుగును గనుక చివరి క్షణమున ఇది దాదాపు రెట్టింపగును. అయినను గొలుసు దెబ్బతో పోల్చినచో అది మృదువైన లాగుడే. పిదప పట్టీ ముడుచుకొనుచు, తాను దాచిన శక్తిని దిగబడిన బండికి అందించును.

కాని ఈ గుణమే అపాయమునకును మూలము. సాగిన పట్టీ ఎక్కుపెట్టిన విల్లు వంటిది. పట్టీని తగిలించిన 2 కిలోగ్రాముల ఉక్కు ముక్క ఊడిపోయినదనుకొందము. పట్టీలోని శక్తిలో నాలుగవ వంతు మాత్రమే దానికి అందినను, అది గంటకు 150 కిలోమీటర్లకు పైబడిన వేగముతో ఎగిరిపోవును. ట్రెయిలరును తగిలించు ఉక్కు గుండుకు పట్టీని కట్టి లాగుట వలన ఆస్ట్రేలియాలో మనుష్యులు మరణించిరి. ఆ గుండు నిలకడగా లాగుటకు చేసినదే కాని, కుదుపునకు చేసినది కాదు. ఇట్టి పట్టీలపై తెగు భారమును, హెచ్చరికలను ముద్రింపవలెనని ఆ దేశము 21వ శతాబ్దములో నియమము చేసెను.

1979లో హాలండు దేశపు డి.ఎస్.ఎం. సంస్థ పరిశోధకులు పాలీఎథిలీన్ అణుమాలికలను ఒకే దిశలో సాగదీసి నూలు వడకు పద్ధతిని కనుగొనిరి. 1990 నుండి ఆ నూలు విపణిలో లభించుచున్నది. దీని త్రాడు అంతే లావు గల ఉక్కు త్రాటితో బలములో సాటివచ్చును, బరువు అందులో చాల స్వల్పభాగము, నీటిలో తేలును. ఇది సాగుట తక్కువ గనుక తెగినపుడు ఎక్కువ శక్తిని వెదజల్లదు. అందుచేత వించ్‌లకు మేలు. కుదిపి లాగుటకు పనికిరాదు. దీనికి వేడి, రాపిడి శత్రువులు. సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరగిపోవును.

ఈ చరిత్ర నుండి ఎంపికకు కావలసిన నియమములు వాటంతట అవియే వచ్చును. మొదట కొనదగినవి పార, గాలి కొలుచు మీటరు, చక్రము క్రింద వేయు పలకలు; త్రాడు ఆ తరువాతి మాట. కుదిపి లాగుటకు నైలాను పట్టీనే ఎంచవలెను. గొలుసునుగాని, ఉక్కు త్రాటినిగాని ఎన్నడును వాడరాదు. పట్టీ తెగు భారము రెండు బండ్లలో తేలికదాని పూర్తి బరువునకు రెండు నుండి మూడు రెట్లుండుట మంచిది. మరీ బలమైన పట్టీ సాగదు. సాగని పట్టీ గొలుసుతో సమానము. బలము ఎక్కువైనకొలది మేలను అభిప్రాయము ఇచట చెల్లదు.

షాకిల్ కొన్నపుడు దానిపై పోతపోసిన అంకెను చూడవలెను. 19 మిల్లీమీటర్ల షాకిల్‌పై సాధారణముగా 4.75 టన్నులని ఉండును. అది తెగు భారము కాదు, నిత్యము మోయదగిన పని భారము. తెగు భారము అంతకు అనేక రెట్లుండును. పని భారమును, తెగు భారమును వేరుచేసి చెప్పని సరకును, అంకెయే లేని సరకును ముట్టరాదు. పట్టీని తగిలించు కొక్కెము బండి చాసిస్‌కు గట్టి బోల్టులతో బిగించినదై యుండవలెను. పట్టీకి ముడి వేసినచో దాని బలము దాదాపు సగము పోవును. తడిసిన నైలానుకు బలము కొంత తగ్గును. ఎండ దానిని క్రమముగా క్షీణింపజేయును. అంచు తెగిన పట్టీ ఎంత వెలపెట్టి కొన్నదైనను పారవేయదగినదే. లాగునపుడు పట్టీ నడుమ బరువైన దుప్పటి వేసి, చూచువారు పట్టీ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరమున నిలువవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. నాలుగు పెన్సిళ్ళపై ఇటుక నుంచి, కుట్టుదారము కట్టి మెల్లగా లాగినచో ఇటుక కదలును. వదులు విడిచి చటుక్కున గుంజినచో దారము తెగును. దారమునకు నడుమ రబ్బరు ముక్కను కట్టి అట్లే గుంజినచో దారము నిలుచును. ఆల్బర్ట్ గనిలో చూచినదియు, నైలాను త్రాడు నేర్పినదియు విద్యార్థికి ఒక్క నిమిషములో బోధపడును. రబ్బరును సాగదీసినపుడు ముఖము దూరముగా నుంచుకొనుడని వారికి చెప్పుట మరువరాదు. ఆ హెచ్చరికయే ఈ పాఠములోని ప్రాణరక్షక భాగము.